వడ్డించేవాడు మనవాడైతే... ఆఫీసులో ఫేవరిటిజం, ఇంటర్వ్యూలు: నేను చూసింది, నేను చేసింది

 

పోయిన ఎపిసోడ్‌లో నోటీస్ పీరియడ్ గురించి మాట్లాడుకున్నాం కదా. దాని తర్వాత ఎక్కువ మంది అడిగింది ఒకటే. "అక్కా, మా టీమ్‌లో మేనేజర్‌కి నచ్చినవాళ్ళకే అన్నీ వస్తున్నాయి. ఏం చేయాలి?" అని. సరే, ఈరోజు అదే మాట్లాడుకుందాం. కానీ ముందే ఒక మాట చెప్పేస్తున్నా. ఇందులో నేను బాధపడ్డ కథ ఒకటి ఉంది, నా వల్ల ఇంకొకరు నష్టపోయిన కథ ఒకటి ఉంది. రెండోది చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. అయినా చెప్తా, ఎందుకంటే అది చెప్పకపోతే ఈ ఎపిసోడ్ సగం అబద్ధం అయిపోతుంది.

మొదటి కథ. నేను 2019లో బీటెక్ అయిపోయాక హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో ఫ్రెషర్‌గా చేరా. కంపెనీ పేరు చెప్పను. పేరు చెప్తే మీ కంపెనీ అది కాదని ఊపిరి పీల్చుకుంటారు, అసలు విషయం మీద దృష్టి పోతుంది. మాది ఖమ్మం వైపు. మా కాలేజీ పేరు చెప్తే ఇంటర్వ్యూలో ప్యానెల్ వాళ్ళు "అదెక్కడుంది?" అని అడిగేవాళ్ళు, ఆ టైప్ కాలేజీ.

నన్ను ప్రొడక్షన్ సపోర్ట్‌లో వేశారు. అంటే తెలుసు కదా, కొత్తగా ఏమీ కట్టేది ఉండదు, పగిలింది అతికించడమే. రాత్రి 2 గంటలకి బ్యాచ్ జాబ్ ఫెయిల్ అయితే ఫోన్ నాకే వచ్చేది. లేచి, లాగ్స్ చూసి, ఎక్కడ ఆగిందో పట్టుకుని, మళ్ళీ రన్ చేసి, 4 గంటలకి పడుకునేదాన్ని. పొద్దున 10కి స్టాండప్ కాల్‌లో "నిన్న రాత్రి ఒక ఇష్యూ వచ్చింది, క్లోజ్ అయింది" అని ఒక్క లైన్ చెప్పేదాన్ని. అంతే. అందరూ "ఓకే, నెక్స్ట్" అనేవాళ్ళు.

మా టీమ్‌లోనే ఇంకో అబ్బాయి ఉండేవాడు. నాతో పాటే చేరాడు. మా లీడ్‌ది, అతనిది ఒకే కాలేజీ. ఆదివారం ఇద్దరూ కలిసి క్రికెట్ ఆడేవాళ్ళు. రోజూ సాయంత్రం ఆఫీసు కింద టీ బండి దగ్గర ఒక గ్యాంగ్ నిలబడేది, లీడ్, ఇతను, ఇంకో ముగ్గురు అబ్బాయిలు. టీ, సిగరెట్, కబుర్లు. నేను రెండుసార్లు వెళ్ళా. వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఇంక మానేశా.

తర్వాత తెలిసింది ఏంటంటే, మా సగం ప్లానింగ్ ఆ టీ బండి దగ్గరే అయిపోయేది. క్లయింట్ ఒక కొత్త డాష్‌బోర్డ్ అడుగుతున్నాడన్న మాట నాకు మీటింగ్‌లో తెలిసేసరికి, అది ఎవరు చేస్తారో ఆల్రెడీ డిసైడ్ అయిపోయి ఉండేది. ఆ అబ్బాయే.

2021 అప్రైజల్. నాకు మధ్య రేటింగ్, అతనికి టాప్ రేటింగ్. మేనేజర్‌ని అడిగా, "సార్, నాకు ఎక్కడ తగ్గింది?" అని. ఆయన చాలా మర్యాదగా చెప్పారు. "నువ్వు బాగా చేస్తావమ్మా. కానీ విజిబిలిటీ లేదు."

ఆ రోజు హాస్టల్‌కి వెళ్ళి ఏడ్చా. అమ్మ ఫోన్ చేస్తే జలుబు అని చెప్పా. సరే, ఆ ఏడుపు పక్కన పెడదాం. ఆ "విజిబిలిటీ" అనే మాట లోపల ఏం జరుగుతుందో విప్పి చూద్దాం.

ఫేవరిటిజం ఎక్కడ మొదలవుతుంది?

మనం అందరం రేటింగ్ దగ్గర మొదలవుతుంది అనుకుంటాం. కాదు. రేటింగ్ చివరి మెట్టు. మొదటి మెట్టు పని పంచడం. మంచి పని ఎవరికి వెళ్తే వాళ్ళు క్లయింట్‌కి కనిపిస్తారు. కనిపించినవాళ్ళ పేరు మేనేజర్‌కి గుర్తుంటుంది. గుర్తున్న పేరుకి రేటింగ్ వస్తుంది. అప్రైజల్ రోజున పేపర్ మీద చూస్తే అంతా న్యాయంగానే ఉంటుంది. అతను డాష్‌బోర్డ్ కట్టాడు, నేను కట్టలేదు. నిజమే కదా! కానీ కట్టే ఛాన్స్ ఎవరికి ఇచ్చారన్నది ఆ పేపర్‌లో ఏ గడిలోనూ ఉండదు.

దీనికి తోడు బెల్ కర్వ్. చాలా కంపెనీల్లో టీమ్‌లో ఇంతమందికే టాప్ రేటింగ్ అని లెక్క ఉంటుంది. 10 మంది టీమ్‌లో ఇద్దరికే టాప్ ఇవ్వాలి అనుకోండి. బాగా చేసినవాళ్ళు నలుగురు ఉన్నా, ఇద్దరిని కిందకి దించాల్సిందే. ఎవరిని దించాలి? అక్కడ మేనేజర్ మనసు పని చేస్తుంది. మైక్రోసాఫ్ట్‌లో కూడా ఇలా ఉద్యోగుల్ని ఒకరి మీద ఒకరిని ర్యాంక్ చేసే పద్ధతి చాలా ఏళ్ళు నడిచింది, 2013 నవంబర్‌లో తీసేశారు. మన దగ్గర కొన్ని కంపెనీలు పేరు మార్చాయి, పద్ధతి మాత్రం లోపల అలాగే ఉంది.

మేనేజర్లందరూ కావాలని చేస్తారా? నా అనుభవంలో, చాలామంది కావాలని చేయరు. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక విషయం గమనించాడు. ఆర్మీ ఆఫీసర్లు తమ కింద పనిచేసేవాళ్ళకి మార్కులు వేసినప్పుడు, ఒక విషయంలో మంచి మార్కులు పడ్డవాడికి మిగతా అన్నిట్లోనూ మంచి మార్కులే పడుతున్నాయి. మనిషి చూడటానికి దిట్టంగా ఉంటే తెలివితేటలకీ, నాయకత్వానికీ కూడా ఎక్కువ మార్కులు. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. క్రికెట్ బాగా ఆడేవాడు కోడ్ కూడా బాగా రాస్తాడు అనిపించడం అన్నమాట. మనకి నచ్చిన మనిషిలో మనకి తప్పులు చిన్నగా కనిపిస్తాయి.

మన పెద్దవాళ్ళు దీన్ని ఒక్క సామెతలో చెప్పేశారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు.

కొంచెం లెక్క చూద్దాం. ఊరికే ఉదాహరణకి. ఇద్దరు, ఇద్దరికీ 5 లక్షలు. ఒకరికి ఏటా 8 శాతం హైక్, ఇంకొకరికి 14 శాతం. నాలుగేళ్ళ తర్వాత మొదటివాళ్ళు 6 లక్షల 80 వేలు, రెండోవాళ్ళు 8 లక్షల 44 వేలు. ఇప్పుడు ఇద్దరూ కంపెనీ మారారు, ఇద్దరికీ 30 శాతమే హైక్ ఇచ్చారు. ఒకరు 8 లక్షల 84 వేలు, ఇంకొకరు దాదాపు 10 లక్షల 97 వేలు. కొత్త కంపెనీకి మీ పాత లీడ్ ఎవరో తెలీదు, ఆ టీ బండి తెలీదు. అయినా ఆ తేడా మీ వెనకాలే వచ్చేసింది. ఎందుకంటే అక్కడ హెచ్‌ఆర్ అడిగే మొదటి ప్రశ్న "మీ కరెంట్ సీటీసీ ఎంత?" అనే కదా.

ఇంటర్వ్యూల్లో నేను చూసినవి

ఆ రేటింగ్ తర్వాత ఇంటర్వ్యూలు ఇవ్వడం మొదలుపెట్టా. మూడు చెప్తా.

మొదటిది మా కంపెనీలోనే. ఇంకో ప్రాజెక్ట్‌లో డెవలపర్ పొజిషన్ పడింది. జాబ్ డిస్క్రిప్షన్ చూస్తే ఎంత వింతగా ఉందంటే, ఒక పాత టూల్ పేరు, ఒక ప్రత్యేకమైన డొమైన్, సరిగ్గా రెండేళ్ళ అనుభవం. అంటే ఆ బట్ట ఎవరి కొలతకో కుట్టారు. నేను వెళ్ళా. 12 నిమిషాల్లో అయిపోయింది. ఒక్కళ్ళు కూడా నా ముఖం చూడలేదు, ల్యాప్‌టాప్‌లో ఏదో టైప్ చేసుకుంటున్నారు. వారం తర్వాత ఆ పొజిషన్‌లోకి ఎవరు వెళ్ళారో చూస్తే, అప్పటికే ఆ ప్రాజెక్ట్‌కి సాయం చేస్తున్న ఒకతను. రూల్ ప్రకారం ఇంతమందిని ఇంటర్వ్యూ చేయాలి కాబట్టి మమ్మల్ని పిలిచారు. మేము లెక్క కోసం.

రెండోది బయట, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ. టెక్నికల్ బానే అయింది. చివర్లో ఒకాయన నవ్వుతూ, "ఖమ్మంలో ఎక్కడమ్మా? ఇంటిపేరు ఏంటి? నాన్నగారు ఏం చేస్తారు?" అని వరసగా అడిగారు. ఆయన ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో మనకి తెలుసు. మనందరికీ తెలుసు. ఇది అమెరికా వరకు వెళ్ళిన సమస్య. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ సిటీ కౌన్సిల్ కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అది. అక్కడ మన టెక్ వాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా. నేను ఆ రోజు "నాన్న చిన్న షాప్ నడుపుతారు సార్. ఈ రోల్‌లో టీమ్ ఎంతమంది ఉంటారో చెప్తారా?" అని మాట మార్చేశా. గొడవ పెట్టుకోలేదు, సమాధానం కూడా ఇవ్వలేదు. ఆఫర్ రాలేదు. దానివల్లే రాలేదా అంటే నేను నిరూపించలేను. ఇదే ఈ సమస్యలో పెద్ద బాధ, ఎప్పుడూ నిరూపించలేం.

మూడోది గచ్చిబౌలిలో ఒక ప్రొడక్ట్ కంపెనీ. ఇది నాకు బాగా గుర్తుంది. ముందే మెయిల్‌లో పెట్టారు, ఎన్ని రౌండ్లు, ఏ రౌండ్‌లో ఏం చూస్తారు అని. ప్యానెల్‌లో ఆవిడ మొదట్లోనే చెప్పింది, "ఈ పోస్ట్‌కి వచ్చే అందరినీ ఇవే ప్రశ్నలు అడుగుతున్నాం, మధ్యలో నోట్స్ రాసుకుంటా, ఏమనుకోకండి" అని. ఊరు అడగలేదు, పెళ్ళెప్పుడు అని అడగలేదు. నాకు రిజెక్ట్ వచ్చింది. ఫోన్ చేసి కారణం చెప్పారు, కోడింగ్ ఓకే, సిస్టమ్ డిజైన్‌లో డేటాబేస్ లోడ్ గురించి ఆలోచించలేదు అని. నిజంగానే ఆలోచించలేదు.

నేను ఇచ్చిన ఇంటర్వ్యూల్లో అన్నిటికంటే న్యాయమైన ఇంటర్వ్యూ నన్ను రిజెక్ట్ చేసిందే. ఆ రోజు నాకు కోపం రాలేదు. బుక్స్ తీసి చదువుకున్నా.

అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలతతో మార్కులు వేయడాన్ని స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ అంటారు. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు 85 ఏళ్ళ పరిశోధనలన్నీ కలిపి చూశారు. ఊరికే కబుర్లు చెప్పే ఇంటర్వ్యూ కంటే ఈ పద్ధతే మనిషి రేపు ఎలా పని చేస్తాడో బాగా అంచనా వేస్తుందని తేలింది. గూగుల్‌లో హెచ్‌ఆర్ పెద్దగా చేసిన లాజ్లో బాక్ కూడా 2013లో, ఆ పజిల్ ప్రశ్నల వల్ల ఉపయోగం లేదని ఓపెన్‌గా చెప్పేశాడు. బస్సులో ఎన్ని బాల్స్ పడతాయి లాంటివి అన్నమాట.

ఇప్పుడు నేను చేసింది

తర్వాత ఇంకో కంపెనీలో చేరా. 2023లో నన్నే ఇంటర్వ్యూ ప్యానెల్‌లో వేశారు. ఒక పోస్ట్, ఒకే రోజు ఇద్దరు క్యాండిడేట్లు. నాతో పాటు ఒక కొలీగ్ కూర్చుంది, కొత్తగా ప్యానెల్ నేర్చుకుంటోంది.

మొదట వచ్చిన అబ్బాయి రెజ్యూమే తెరిచా. మా కాలేజీ! నాలుగేళ్ళు జూనియర్. నాకు లోపల ఎంత సంతోషం వేసిందో. "మన కాలేజీ నుంచి ఒకడు ఇక్కడ దాకా వచ్చాడు" అని. నేను పడ్డ కష్టం మొత్తం గుర్తొచ్చింది.

ఎస్‌క్యూఎల్ ప్రశ్న అడిగా. టేబుల్‌లో రెండో అత్యధిక జీతం తీయమని. జీతాలు పెద్ద నుంచి చిన్నకి పేర్చి, ఒకటి వదిలేసి తర్వాతది తీశాడు. అందులో ఒక తప్పు ఉంది. పైన ఇద్దరికి ఒకే జీతం ఉంటే, రెండో వరసలో కూడా అదే అంకె వస్తుంది. నేను నవ్వుతూ, "టాప్‌లో ఇద్దరికి సేమ్ శాలరీ ఉంటే?" అన్నా. వెంటనే "ఓ, సారీ మేడమ్" అని డిస్టింక్ట్ పెట్టాడు. ఫీడ్‌బ్యాక్‌లో రాశా: త్వరగా నేర్చుకుంటాడు.

మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. శ్రీకాకుళం నుంచి. కొంచెం భయంభయంగా ఉంది. అదే ప్రశ్న అడిగా. అదే జవాబు రాసింది, అదే తప్పు. నేను "ఓకే" అని తర్వాత ప్రశ్నకి వెళ్ళిపోయా. ఫీడ్‌బ్యాక్‌లో రాశా: ఎడ్జ్ కేసులు చూసుకోదు.

సబ్మిట్ కొట్టేశా. కాఫీ మెషీన్ దగ్గర నా కొలీగ్ అడిగింది. "అక్కా, నాకు ఒక డౌట్. పొద్దున అబ్బాయికి హింట్ ఇచ్చారు కదా, ఈ అమ్మాయికి ఎందుకు ఇవ్వలేదు? అలా ఏమైనా రూల్ ఉంటుందా?"

ఆ పిల్ల నిజంగానే నేర్చుకోవడానికి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వెళ్ళి హెచ్‌ఆర్‌తో మాట్లాడా, ఆ అమ్మాయిని ఇంకోసారి పిలుద్దాం అని. అప్పటికే అబ్బాయికి తర్వాతి రౌండ్ పెట్టేశారు, రెండు రోజుల్లో పోస్ట్ క్లోజ్ అయిపోయింది. అబ్బాయి బాగానే పని చేశాడు, అందులో డౌట్ లేదు. కానీ ఆ అమ్మాయి కూడా చేసి ఉండేదేమో. ఆమెకి వచ్చింది మాత్రం ఒక ఆటోమేటిక్ రిజెక్ట్ మెయిల్. తనకి ఏం తగ్గిందో తను ఎంత ఆలోచించినా తెలీదు. ఎందుకంటే తగ్గింది తనలో కాదు.

2021లో నన్ను చూసి ఎవరూ పగబట్టలేదని అప్పుడు అర్థమైంది. మా లీడ్‌కి కూడా ఆ అబ్బాయిని చూస్తే తన పాత రోజులు గుర్తొచ్చి ఉంటాయి. నాకు మా జూనియర్‌ని చూస్తే గుర్తొచ్చినట్టే. ఆయన్ని క్షమించేయండి అనట్లేదు. అది ఎంత మామూలుగా, ఎంత మంచి మనసుతో జరిగిపోతుందో చెప్తున్నా.

తర్వాత నుంచి ఒక పని చేశా. ఇంటర్వ్యూకి ముందే ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకి ఇవ్వాల్సిన హింట్ ఒక షీట్‌లో రాసుకునేదాన్ని. తప్పు చేస్తే అందరికీ అదే హింట్, ఒక్కసారే. కాలేజీ పేరు ఇంటర్వ్యూ అయ్యాకే చూసేదాన్ని. మీలో ఎవరైనా ప్యానెల్‌లో కూర్చుంటుంటే దయచేసి ఇది చేయండి.

మరి రిఫరల్ అడగడం తప్పా?

కాదు. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్ట్ ఒక పేపర్ రాశాడు. చాలామందికి ఉద్యోగం సమాచారం దగ్గరి ఫ్రెండ్స్ కంటే, అప్పుడప్పుడు కలిసే పరిచయస్తుల నుంచే వచ్చిందని చూపించాడు. దగ్గరివాళ్ళకి మనకి తెలిసిందే తెలుసు, దూరంవాళ్ళకి కొత్త సంగతులు తెలుస్తాయి. కాబట్టి మొహమాటపడకుండా రిఫరల్ అడగండి. రిఫరల్ గేటు తీస్తుంది, అంతే. లోపలికి వెళ్ళాక మార్కులు కూడా ఆ తెలిసినవాళ్ళే వేస్తే, అప్పుడు అది ఫేవరిటిజం.

మీకు జరుగుతుంటే ఏం చేయాలి?

ముందు మీతో మీరు నిజాయితీగా ఉండండి. అవతలి మనిషి నిజంగానే మీకంటే బాగా చేస్తున్నారా? ఒక్కసారి వాళ్ళ కోడ్ చూడండి, వాళ్ళు క్లయింట్‌తో ఎలా మాట్లాడుతున్నారో వినండి. ఒక్కసారి జరిగితే అది యాదృచ్ఛికం కావచ్చు. వరసగా మూడు నాలుగు సార్లు మంచి పని ఒకే వైపు వెళ్తుంటే అప్పుడు ఆలోచించండి.

రెండు, రాసి పెట్టుకోండి. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. రాత్రి 2 గంటలకి నేను చేసిన పని ఎక్కడా లేదు, నా నిద్రలో తప్ప. ఒక షీట్ పెట్టుకోండి. తేదీ, టికెట్ నంబర్, ఏం పగిలింది, ఎంతసేపట్లో సరిచేశారు, ఎవరికి ఉపయోగపడింది. కంపెనీ డేటా బయటికి తీయకండి, అది వేరే గొడవ. వారానికి ఒక చిన్న మెయిల్ మీ లీడ్‌కి పంపండి, ఈ వారం ఇవి చేశాను అని. అది డప్పు కొట్టుకోవడం కాదు, లెక్క చెప్పడం.

మూడు, "నాకెందుకు రేటింగ్ ఇవ్వలేదు?" అని అప్రైజల్ అయ్యాక అడగకండి, అప్పటికి బండి వెళ్ళిపోయి ఉంటుంది. ఆరు నెలల ముందే, "టాప్ రేటింగ్ రావాలంటే నేను ఏ పని చేయాలి సార్? తర్వాతి కొత్త మాడ్యూల్ నాకు ఇవ్వగలరా?" అని అడగండి. ఆయన చెప్పింది మెయిల్‌లో పెట్టి, "మనం మాట్లాడుకున్నవి ఇవి" అని పంపండి.

నాలుగు, అప్పటికీ మారకపోతే మేనేజర్ పైవాళ్ళతో మాట్లాడండి. "ఆయనకి వాడంటే ఇష్టం" అని చెప్తే ఎవరూ వినరు. "గత ఏడాది 5 కొత్త మాడ్యూల్స్ వస్తే ఒక్కటీ నాకు రాలేదు, మూడుసార్లు అడిగాను, ఇవిగో మెయిల్స్" అంటే వినాల్సి వస్తుంది.

చట్టం గురించి ఒక మాట. ప్రైవేట్ కంపెనీలో మేనేజర్‌కి ఒకరంటే ఇష్టం అన్నంత మాత్రాన కేసు వేసే దారి మామూలుగా ఉండదు. కానీ అమ్మాయిలు ఇది గుర్తుపెట్టుకోండి. "నాతో బయటికి వస్తే ప్రమోషన్ చూస్తా" లాంటి మాట నేరుగా అన్నా, చాటుగా అన్నా, అది ఫేవరిటిజం కాదు. 2013 నాటి పోష్ చట్టం కింద అది లైంగిక వేధింపు. 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు గడువు ఇవ్వచ్చు. ఆలస్యం చేయకండి.

చివరిది, వెళ్ళిపోవడం. అది ఓడిపోవడం కాదు. కానీ మన దగ్గర చాలా కంపెనీల్లో నోటీస్ 90 రోజులు, కాబట్టి కోపంలో పేపర్ పెట్టకండి, ఆఫర్ చేతిలో పెట్టుకుని పెట్టండి. కొత్త ఇంటర్వ్యూలో "ఎందుకు మారుతున్నారు?" అంటే పాత మేనేజర్‌ని తిట్టకండి. "సపోర్ట్‌లో రెండేళ్ళు చేశా, సిస్టమ్ ఎక్కడ పగులుతుందో తెలుసు, ఇప్పుడు కట్టే పని చేయాలనుకుంటున్నా" అని నేను చెప్పేదాన్ని. అది నిజం కూడా. మీరూ వాళ్ళని అడగండి, "ఇక్కడ కొత్త పని ఎవరికి ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు?" అని. జవాబులో ఒక పద్ధతి వినిపించిందా, నీళ్ళు నమిలారా, మీకే తెలిసిపోతుంది.

ఇదీ ఈ రోజు ఎపిసోడ్. ఆ శ్రీకాకుళం అమ్మాయి పేరు నాకు ఇంకా గుర్తుంది, ఇక్కడ చెప్పను. ఈ ఎపిసోడ్ తను చూస్తుందో లేదో తెలీదు. చూస్తే మాత్రం, అమ్మా, ఆ రోజు నీ జవాబుకి, సెలెక్ట్ అయిన అబ్బాయి మొదటి జవాబుకి ఏ తేడా లేదు. ఆ ఒక్క హింట్ నేను నీకు ఇవ్వలేదు. సారీ.

మీ ఆఫీసులో మీరు ఏం చూశారో చెప్పండి, మీరు ఏం చేశారో కూడా చెప్పండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఉంటా మరి.